బాషా చెప్పేదాకా

గెడ్డవలస అన్నదమ్ముల మేళానికి తెలివి ఎక్కువ. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవారు. పెద్దవాడు గురువులు సన్నాయి, నడిపివాడు కొండలు డోలు, చిన్నవాడు అప్పన్న తాళం. మేళం వ్యానుబండి నడిపేది గురువులు పెళ్ళాం రాములమ్మ. లోకంలో అందరూ సగం విని సగం వదిలేస్తారనీ, తాము మాత్రం చెప్పిన మాట చెప్పినట్టు పొల్లు పోకుండా చేస్తామనీ నలుగురికీ గొప్ప. "మన బుర్ర మనకే బరువురా," అనేవాడు గురువులు తలపాగా సర్దుకుంటూ.

ఆ బుర్రవల్లే పోయిన మాఘంలో కొంప మునిగింది. పెళ్ళివారు మర్యాదకి "తొందరేం లేదు, నెమ్మదిగా రండి" అన్నారు. అంతే! బండిని మనిషి నడక కంటే నెమ్మదిగా పోనిచ్చి, దారిలో ఎదురైన ప్రతి ఆవుకీ దారిచ్చి, వీళ్ళు చేరేసరికి మూడు ముళ్ళూ పడ్డాయి, భోజనాలయ్యాయి, విస్తళ్ళు కూడా ఎత్తేశారు. అక్కణ్ణుంచి ఏడాదిపాటు ఒక్క పిలుపు లేదు. కొండలు రోజూ డోలు దించడం, తుడవడం, దిగులుగా మళ్ళీ అటకెక్కించడం.

ఇన్నాళ్ళకి మిట్టపేట బలరాంనాయుడు తన కూతురి పెళ్ళికి పిలిచాడు. "తొమ్మిదీ నలభైకి ముహూర్తం. ఆ సమయానికి గట్టిమేళం మోగలేదా, మీ డోలు మా పొయ్యిలో పెట్టిస్తాను," అన్నాడు. ఎవరైనా అయితే నవ్వేసి ఊరుకుంటారు. కొండలుకి మాత్రం ఆ క్షణం నుంచీ అన్నం సయించలేదు. డోలు పొయ్యిలో పట్టదని రాములమ్మ ఎంత చెప్పినా, "పెళ్ళివారి పొయ్యి పెద్దదుంటాది వదినా," అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఈసారి ఏ లోటూ రాకూడదని బండికి ముందురోజే సర్వీసు చేయించారు. మెకానిక్ బాషా ఆయిలు మార్చి, సాయంత్రం తనే తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్ళాడు. పెళ్ళిరోజు పొద్దున్నే సరంజామా ఎక్కించి, రాములమ్మ తాళం తిప్పింది. మీటరు మీద పానా గుర్తు దీపం పసుపుపచ్చగా వెలిగింది.

"ఏటిది? సర్వీసు సెయ్యమంటంది. నిన్ననే కదా సేయించినాం," అంది.

గురువులు బాషాకి ఫోను చేశాడు. బాషా నాలుక కరుచుకున్నాడు. "అయ్యో గురువులన్నా, ఆ దీపం ఆర్పడం మర్చిపోయాను. బండికేం కాలేదు. దానికి సర్వీసయిన సంగతి తెలీదు పాపం, మనమే చెప్పాలి. ఉండు, ఎవరో వచ్చారు, మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాడు.

ఇంకేముంది! నలుగురూ దిగి బండి ముందు వరసగా నిలబడ్డారు. పెద్దవాడు కాబట్టి గురువులే మొదలుపెట్టాడు. "అమ్మా బండీ, నిన్న నీకు సర్వీసయిపోనాది," అన్నాడు వినయంగా. లోపలికి తొంగిచూస్తే దీపం వెలుగుతూనే ఉంది.

"వినపళ్ళేదేమో," అన్నాడు అప్పన్న. అంతే, ముగ్గురూ గొంతెత్తి అరిచారు. పక్కింటివాళ్ళు లేచొచ్చారు గానీ దీపం ఆరలేదు. కొండలు డోలు దించి దరువేస్తే అప్పన్న ఊరికి చాటింపు వేసినట్టు మూడుసార్లు చాటాడు. అదీ లాభం లేదు.

"నోటిమాట నమ్మదు. కాగితం సూపించండి," అంది రాములమ్మ. బాషా రాసిచ్చిన చీటీ పట్టుకొచ్చి ఒక హెడ్‌లైటు ముందు ఒక నిమిషం, రెండో హెడ్‌లైటు ముందు ఒక నిమిషం పట్టుకున్నారు. ఏ కన్నుతో చదువుతుందో తెలియదు కదా. అప్పటికి ఎనిమిదైంది. కొండలు కళ్ళు మూసుకుంటే చాలు, పెళ్ళివారి పొయ్యి, దాంట్లో డోలు.

"బండీ, నీ కాళ్ళట్టుకుంటాను," అని ముందు చక్రాలు రెండూ పట్టుకున్నాడు.

అప్పుడు బాషా ఫోను. సంగతి విని చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "అలా కాదన్నా. ఇంజను వెయ్యొద్దు. ఉత్తి తాళం తిప్పండి. మీటరు పక్కన బుడిపె ఉంటుంది, దాన్ని ఒకరు నొక్కి పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు."

రాములమ్మ తాళం తిప్పింది. పక్కన కూర్చున్న కొండలు బొటనవేలితో బుడిపె నొక్కాడు. సరిగ్గా అప్పుడే గురువులు ఫోనులో చార్జింగు అయిపోయింది.

పది లెక్కపెట్టేలోగా దీపం రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది.

"ఆరిపోనాది!" అని ఎగిరాడు అప్పన్న. "ఇంక పదండి."

"ఆగరా," అన్నాడు కొండలు. "బాషా సెప్పేదాకా వదలొద్దన్నాడు కదా. సెప్పినాడా?"

"సెప్పలేదు."

"మరి?"

అందరూ కొండలు తెలివికి మెచ్చుకున్నారు. పక్కింటాయన తన ఫోను తీసి బాషాని అడగమన్నాడు. గురువులు జాలిగా నవ్వాడు. "ఆడు సెప్తానన్నాడు బావూ. మనల్ని అడగమన్లేదు."

అలా ఎదురుచూస్తూ కూర్చుంటే ఎనిమిదిన్నరైంది. మిట్టపేట రెండు కిలోమీటర్లు. బుడిపె వదలకూడదు, ఇంజను వెయ్యకూడదు, ముహూర్తం తప్పకూడదు. గురువులు తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు. "బండి కదపొద్దని బాషా అన్లేదు కదా! తోసుకెళ్ళిపోదాం!"

అంతే. రాములమ్మ స్టీరింగు పట్టుకుంది, కొండలు బుడిపె పట్టుకున్నాడు, గురువులూ అప్పన్నా వెనకనుంచి తోశారు. దారిలో ఎదురైనవాళ్ళు బండి చెడిపోయిందా అని అడిగితే, "సెడిపోడమేటి, నిన్ననే సర్వీసైంది," అని అప్పన్న చీటీ చూపించాడు. సన్నాయి ఊదాల్సిన ఊపిరంతా గురువులు తోయడానికే ఖర్చుపెట్టాడు. కొండలు బొటనవేలు తెల్లగా పాలిపోయి మొద్దుబారిపోయింది. ఆ వేలితో డోలు ఎలా వాయించాలా అని ఒక దిగులు, వదిలితే ఏమవుతుందో అని ఒక దిగులు.

మిట్టపేట ముందర ఒక పెద్ద మిట్ట ఉంది. తోసి తోసి దాని నెత్తి మీదికి చేరేసరికి తొమ్మిదీ ముప్పై తొమ్మిది. రాములమ్మ బ్రేకు తొక్కింది. ఎదురుగా పల్లంలో పెళ్ళిపందిరి. మైకులో పంతులుగారి గొంతు ఖంగుమంటోంది. "గట్టిమేళం! గట్టిమేళం! ఏరయ్యా మేళగాళ్ళు?" పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచి నిలబడ్డాడు. బలరాంనాయుడు వంటపందిరి వైపు చూశాడు. ఇంక కొండలు పైప్రాణాలు పైనే పోయాయి. "అన్నియ్యా, పొయ్యి వైపు సూస్తన్నాడు!" అని బావురుమన్నాడు, వేలు మాత్రం తియ్యలేదు.

ఫోను కలవక వెతుక్కుంటూ స్కూటరు మీద వచ్చిన బాషా అప్పుడే వాళ్ళని చేరుకున్నాడు. బండిలో కొండలునీ, వెనక చెమటలు కక్కుతున్న ఇద్దరినీ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఇంకా పట్టుకునే ఉన్నారా! వదిలెయ్యండయ్యా బాబూ, అందరూ అన్నీ వదిలెయ్యండి!"

బాషా చెప్పేశాడు. ఇంకేముంది!

కొండలు బుడిపె వదిలాడు. రాములమ్మ స్టీరింగు వదిలింది, బ్రేకు వదిలింది. గురువులూ అప్పన్నా బండిని వదిలారు. బండి మిట్ట మీదినుంచి పల్లంలోకి దడదడమంటూ పరుగందుకుంది. లోపల డోలు దొర్లి తాళాల మీద పడింది, తాళాలు శ్రుతిపెట్టె మీద పడ్డాయి, రాములమ్మ హారను మీద పడింది. జనం చెల్లాచెదురయ్యారు. ధనధన, ఝణఝణ, బోయ్‌మంటూ మోగుతూ వచ్చిన బండి పందిరి పక్కన గడ్డివాములో దూరి ఆగింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఆ మోతకి హడలిపోయిన పెళ్ళికొడుకు ఒక్క ఊపిరిలో మూడు ముళ్ళూ వేసేశాడు. సరిగ్గా తొమ్మిదీ నలభై.

కొండలు గడ్డిలోంచి తల బయటికి పెట్టేసరికి ఎదురుగా బలరాంనాయుడు. కొండలు డోలుని గట్టిగా వాటేసుకున్నాడు. నాయుడు మాత్రం ఆనందంతో ఊగిపోతున్నాడు.

"గట్టిమేళం అంటే ఇదయ్యా! మా వంశంలో ఇలాంటిది విన్లేదు. తలంబ్రాలకి కూడా అచ్చం ఇలాగే మోగాలి. ఏటీ తేడా రాకూడదు, తెలిసిందా?"

ఏడాదిగా ఎండిపోయిన కొండలు ప్రాణం లేచొచ్చింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "సిత్తం బావూ, ఏ తేడా రాదు," అన్నాడు.

అంతే! అన్నదమ్ములు ముగ్గురూ చొక్కా చేతులు పైకి మడిచి, బండిని గడ్డివాములోంచి లాగి, మళ్ళీ మిట్టెక్కించడం మొదలుపెట్టారు. బాషా "వద్దురా నాయనా" అంటూ అడ్డం పడుతున్నా వినలేదు. పైకి చేరాక కొండలు డోలుని ఇందాకటి చోటే పెట్టి, ఒకసారి కదిపి చూసి, దొర్లుతుందని నమ్మకం కుదిరాక తన సీట్లో కూర్చున్నాడు. రాములమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి, దోసిళ్ళలో తలంబ్రాలు పట్టుకుని కూర్చున్న కొత్త జంటకి కేకేసింది.

"మీరు మొదలెట్టండమ్మా, వచ్చేస్తన్నాం!"