మంచుకొండ మీద పెళ్లి

అనగనగా, పిల్లలూ, ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల మంచుకొండ మీద ఉండే జటంగుడనే మాంత్రికుడు ఆ రాజుగారి మేనకోడలు కువలయను ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణమేమో కొండ కొమ్మున ఒక చిలకలో ఉందట.

పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు మణిశేఖరుడు బయల్దేరితే, "నువ్వూ పోతే నేనెట్లా బతికేదిరా?" అని రాజుగారు ఏడ్చారు. కానీ కువలయంటే వాడికి చిన్నప్పటినుంచీ ఇష్టం. ఆగుతాడా?

ఏడు సముద్రాలూ దాటి కొండెక్కేసరికి మూటలో అటుకులు అయిపోయాయి. ఎటు చూసినా మంచే. ఒక చెట్టు కింద ఒత్తయిన బొచ్చున్న కోతులు ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నాయి.

"మధ్యలోకి రా మనవడా, వెచ్చగా ఉంటుంది" అంది ముసలి కోతి.

తెల్లారి ఆ అవ్వ కొమ్మలకు వేలాడే బూడిదరంగు పాచి తెంపి పెట్టింది. నమిలితే గోనెపీచులా ఉంది. ఆకలి కదా, తిన్నాడు. దారికి కూడా ఉంటుందని చెట్టంతా దూయబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కో చెట్టు నుంచి కొంచెమే తీసుకోవాలి నాయనా. ఇది మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది."

అలా చెట్టూ చెట్టూ మారుతూ, మంచు తవ్వి వేళ్లు తింటూ వాడూ కోతులూ కొండ కొమ్ముకు చేరారు. అక్కడ విరగకాసిన మామిడిచెట్టు. మణిశేఖరుడికి నోరూరింది, చెయ్యి చాచాడు. కోతులు మాత్రం కదల్లేదు.

"మీరు తినరా అవ్వా?"

"చలికాలంలో ఈ కొండ మీద పండు కాయదు నాయనా. కాసిందంటే అది తిండి కాదు."

మణిశేఖరుడు చెయ్యి వెనక్కి తీసుకుని చూస్తే, చెట్టు కింద రెండు రాళ్లున్నాయి. వాటికి తన అన్నల ముఖాలే. కొమ్మల్లో చిలక ఒకటి గజగజ వణుకుతోంది. పాపం, అది ఎండలో పుట్టిన పిట్ట. "నువ్వూ రావే, చలి కాచుకుందువు" అని పిలిచాడు. కోతుల మధ్య చోటు చూసి చిలక రివ్వున వచ్చి వాడి ఒళ్లో వాలింది.

అంతే, జటంగుడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చి కాళ్లమీద పడ్డాడు. కువలయను అప్పగించాడు, అన్నలను మళ్లీ మనుషుల్ని చేశాడు.

"చిలకను నేనే పెంచుకుంటాను. నువ్వు బుద్ధిగా ఉండు" అన్నాడు మణిశేఖరుడు.

పెళ్లికి పిలిస్తే కోతులు కిందికి రాలేమన్నాయి. అంత బొచ్చుతో మన ఎండలకు తాళలేవు. దాంతో పెళ్లివారే కొండెక్కారు. ఆ తర్వాత అన్నలే పట్టుబట్టి తమ్ముడికి పట్టం కట్టించారు, కువలయా వాడూ చాలాకాలం చల్లగా ఏలారు. పెళ్లిరోజు విందులో మాత్రం అవ్వ ముందుగా పాచి వడ్డించింది. రాజుగారు ముఖం అదోలా పెట్టారు. ఎదురుగా కొడుకులు ముగ్గురూ పక్కపక్కన కూర్చుని తింటుంటే చూసి, కళ్లు తుడుచుకుని, మారు అడిగి వేయించుకున్నారు.