చెక్కకు గొడుగు పట్టిన పైడయ్య

అనగనగా, రైలు ఇంకా మా వైపుకు దారి వెతుక్కుంటున్న రోజుల మాట. బొమ్మల సంగతి నీకేం తెలుసని నన్నడక్కండి. నేను ఆవును గీస్తే మా ఇంట్లోవాళ్ళు మంచం అనుకున్నారు.

తాబేలుమెట్ట అని ఒక చిన్న కొండ. పైడయ్య తన భార్యను దాని పక్కనే పాతిపెట్టుకున్నాడు. రైలుకట్టకు రాయి కావాలని ఆ మెట్టను పగలగొట్టబోతున్నారు. ఈలోగా రంగులపెట్టెతో ఒక దొర దిగాడు.

"దొరబాబూ, మెట్ట పోతే మా ముసిల్ది ఎక్కడుందో ఆనవాలు ఉండదు. బొమ్మలోనైనా ఉంచండి," అన్నాడు పైడయ్య.

"అయితే గొడుగు పట్టు. ఎండ పడితే ఈ బొమ్మ గీసే చెక్క మెరుస్తుంది, రంగు తెలీదు. కదలకు," అన్నాడు దొర.

నీడ చెక్క మీద. ఎండ పైడయ్య మీద.

మొదటి రోజు గాలి లేచింది. తడి నూనెరంగు నిండా ఇసక. దొర కత్తితో గీకేశాడు.

రెండో రోజు మబ్బు పట్టింది. మెట్ట రంగే మారిపోయింది. దొర మళ్ళీ గీకేశాడు.

పైడయ్య అక్క అంబలి తెచ్చింది. "ఒరే, చెక్కకి గొడుగు పట్టినోడిని నిన్నే చూసినాను. దానికేటి, వడదెబ్బ తగుల్తాదా?"

"రేపొక్కరోజే అప్పా. ఎల్లుండి మందు పెట్టి పేల్చేస్తారంట."

మూడో రోజు ఎండ విరగకాసింది. మెట్ట నీడ జరిగేలోపు, దొర కూచున్న చోటే బొమ్మ ముగించాలి. దొర చెయ్యి ఆగలేదు. "కదలకు," అన్నాడు. పైడయ్య కదల్లేదు. నాలుక పిడచకట్టింది, కదల్లేదు. కళ్ళు బైర్లు కమ్మాయి, కదల్లేదు.

"మెట్ట వచ్చిందా బాబూ?"

"వచ్చింది."

"దాని పక్క చోటు?"

"అదీ వచ్చింది."

అప్పుడు పైడయ్య కూచున్నాడు. మళ్ళీ లేవలేదు.

దొర తడి బొమ్మ మీద, రంగుకు అంటకుండా, ఇంకో చెక్క అడ్డం కట్టి, ఓడెక్కి పోయాడు. అది ఏ దేశంలో, ఏ గోడకు ఉందో ఎవరికీ తెలీదు. మెట్ట రైలుకట్ట కింద పోయింది. మిగిలింది పైడయ్య నిలబడ్డ చోటు.

ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం అటు వెళ్ళేవాళ్ళు గొడుగు తమ మీంచి తీసి, ఆ చోటు మీద కాసేపు పట్టి ఉంచుతారు. నేనూ పట్టాను. నా గొడుగుకు చిల్లులు, ఆయనకు సగం ఎండ తగిలే ఉంటుంది. పట్టినవాళ్ళందరూ అనే మాటే నేనూ అన్నాను:

"బొమ్మ అయిపోయింది పైడయ్యా. ఇక కదులు."