దోసపందిరి కింద రాజుగారి వేలు

పార్థివ నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ దశమి, గురువారం. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. ఆ తర్వాత మబ్బు కదల్లేదు, ఎండ రాలేదు. గాలి మాత్రం తడిమట్టి వాసన మోసుకుంటూ వీధులన్నీ తిరిగింది. తిథీ వారమూ ఇంత బాగా గుర్తు పెట్టుకున్నవాళ్ళు ఆ రాజ్యం పేరు మాత్రం మరిచిపోయారు. కాబట్టి ఒకానొక రాజ్యం అనే అనుకుందాం.

దాన్ని ఏలే ఉద్దండవర్మగారి చూపుడువేలికి పెద్ద కెంపుటుంగరం ఒకటి ఉండేది. ఆయన ఆ వేలు చాచి దేన్ని చూపించి “అది మాది” అంటే అది ఆ క్షణం నుంచి కోటదే. తాతముత్తాతల నాటి చట్టం. యుద్ధంలో గెలిచిన ఊళ్ళ కోసం పెట్టుకున్నారట. ఈయన యుద్ధాలకి పోయేవాడు కాదు. మేడమీద మధ్యాహ్నం కునుకు తీసి, లేచి, ఆవలిస్తూ ఎటో ఒకవైపు వేలు చూపించేవాడు. అలా కోటలోకి వచ్చిన వాటిలో ఒకరి గానుగ ఉంది, ఇంకొకరి మామిడితోట ఉంది, పాపం ఒక ముసలాయన పడక్కుర్చీ కూడా ఉంది.

కోటగోడకి ఆనుకుని ఆస్థాన విదూషకుడు బుచ్చిలింగం ఇల్లు. పెరట్లో అతని భార్య సూరమ్మ వేసిన దోసపాదు. దాన్ని నేలమీద పాకనివ్వక పందిరికెక్కించింది. ఆ పందిరి కింద కూర్చుంటే వెలుగు కూడా ఆకుపచ్చగా ఉండేది. పసుపుపచ్చ పూలలో తుమ్మెదలు దూరి బయటికొచ్చే దారి మరిచిపోయినట్టు అక్కడే తిరిగేవి. సభలో నవ్వించి నవ్వించి అలిసిపోయిన బుచ్చిలింగం ఇంటికొచ్చి ఆ కింద నులకమంచం వాల్చుకుంటే, నిద్రపోయాడో మేలుకుని ఉన్నాడో అతనికే తెలిసేది కాదు.

ఆ విత్తనం సూరమ్మ పుట్టింటిది. ఏటా ఒక కాయని ముట్టకుండా పండనిచ్చి, గింజల్ని బూడిదలో కలిపి, పేడలో పెట్టి గోడకి కొట్టేది. మళ్ళీ ఫాల్గుణంలో ఆ పిడక చిదిపి నాటేది. అయినా దోసకాయని నమ్మడానికి లేదు, ఏ కాయలో చేదుంటుందో పైకి తెలియదు. కొస కోసి నాలుక మీద పెట్టుకోకుండా సూరమ్మ ఏ కాయనీ పప్పులో వేసేది కాదు, ఎవరికీ ఇచ్చేదీ కాదు.

ముందురోజు సభలో మంత్రి సోమదండుడు రాజుగారి చెవిలో ఊదాడు: “ప్రభూ, ఆ పందిరి ఉన్నచోట ఉయ్యాల మంటపం కడితే గాలి బాగా వస్తుంది.” కట్టేది ఆ మంత్రి బావమరిదేనని వేరే చెప్పక్కర్లేదు.

“రేపు మేడమీద నుంచి చూపిస్తాం,” అన్నారు రాజుగారు.

ఇంటికొచ్చిన బుచ్చిలింగాన్ని సూరమ్మ పట్టుకుంది. “ఏమండీ, విత్తనానికి వదిలిన కాయ ఇంకా పచ్చిదండీ. ఇప్పుడు పాదు పీకేస్తే మా అమ్మ విత్తనం ఇక లేనట్టే. అందరినీ నవ్విస్తారు కదా, ఆయన్నీ నవ్వించి ఆపరాదూ!”

“నవ్వుతూనే తీసుకుంటాడే ఆయన,” అన్నాడు బుచ్చిలింగం, మంచం మీద వెల్లకిలా పడుకుని.

పైన ఆకుల సందుల్లో మబ్బు పోతోంది. పక్కింటావిడ ఏదో అడుగుతోంది. సూరమ్మ ఒక పిందెను ఆమెకి చూపిస్తోంది. చూపిస్తున్న ఆ చేతికేసి బుచ్చిలింగం కలలో చూసినట్టు చాలాసేపు చూశాడు. తర్వాత లేచి చెప్పులు వేసుకుని కోటకి పోయి రాజుగారితో అన్నాడు:

“ఏలినవారు మేడమీద నుంచి చూపితే ఆ వేలి దారిలో మంత్రిగారి గుర్రపుశాల కూడా పడుతుంది. రేపు తగువులొస్తాయి. దగ్గరికి వచ్చి చూపితే మేలు.”

“అవును ప్రభూ, దగ్గరికే వెళదాం!” అన్నాడు మంత్రి కంగారుగా.

గురువారం రాజుగారు పందిరి కిందికి వచ్చారు. వీధిలోని ఆడవాళ్ళంతా పేరంటానికి వచ్చినట్టు చేరారు. పిలిచింది బుచ్చిలింగమే. రాజుగారు గొంతు సవరించుకుని ఉంగరపు వేలు చాచబోయారు.

“అయ్యయ్యో, పిందెలు! పిందెలు!” అని ఆడవాళ్ళంతా ఒక్కసారి అరిచారు. ఆయన రాజన్న సంగతే మరిచిపోయారు. “వేలు చాచి చూపిస్తే కుళ్ళి రాలిపోవూ! మడవండి, వేలు మడిచి చూపించండి!”

రాజుగారి చెయ్యి గాలిలో ఆగింది. ఎప్పుడో పాలుగారే వయసులో ఇలాగే వేలు చాపితే, పెంచిన దాది అక్కమ్మ చటుక్కున పట్టుకుని మడిచేది. ఆ చేతిలో పసుపు వాసన. ఎన్నేళ్ళయిందో!

“ఆపాటి మాకు తెలియదా?” అన్నారు కాస్త తగ్గిన గొంతుతో. మడవబోతే ఉంగరం అడ్డొచ్చింది. రెండు కణుపులూ కప్పేసిన ఉంగరం మరి. దాన్ని తీసి బుచ్చిలింగం చేతిలో పెట్టి, వేలు కొక్కెంలా వంచి పందిరికేసి పట్టి, “అది మాది!” అన్నారు.

“చిత్తం,” అన్నాడు బుచ్చిలింగం. “వేలి కొన చూపినదే కోటదని కదా ప్రభూ చట్టం?”

“సందేహమా?”

“ఏలినవారి వేలి కొన ఎటు చూస్తోందో ఒక్కసారి చూసుకోండి.”

రాజుగారు చూసుకున్నారు. వంగిన వేలి కొన తిన్నగా ఆయన గుండెకేసి చూస్తోంది. ఒక తుమ్మెద వచ్చి ఆ వేలిమీద వాలింది.

“చాచండి ప్రభూ, చాచెయ్యండి! పిందెలు పోతే పోయాయి!” అన్నాడు మంత్రి.

రాజుగారు చాచబోయారు. వేలు లేవలేదు. మరొకసారి ప్రయత్నించారు. అక్కమ్మ ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.

అప్పుడొచ్చింది నవ్వు. ముందు మీసాల్లో, తర్వాత పొట్టలో, చివరికి కళ్ళల్లో నీళ్ళుగా. “ఒరేయ్ బుచ్చిలింగం! ఊరంతా స్వాధీనం చేసుకున్నాం గాని, మమ్మల్ని మేము స్వాధీనం చేసుకోవడం ఇదే మొదలురా! ఆ ఉంగరం నువ్వే ఉంచుకో. మళ్ళీ నా చేతికి ఇవ్వకు.”

ఉంగరం బుచ్చిలింగం తర్వాత అతని పెద్దకొడుక్కి వచ్చింది. అతను దాన్ని ఏ వేలికీ పెట్టుకోలేదు. ఇల్లూ నులకమంచమూ చిన్నవాడివి. గోడమీది విత్తనాల పిడక కూతురు ఒలుచుకుని కొంగున కట్టుకుని అత్తవారింటికి పోయింది. పడక్కుర్చీ ఆ ముసలాయన మనవడికి చేరింది. రాజుగారి కొడుక్కి రాజ్యం దక్కింది గాని, వేలు చూపించి తీసుకునే చట్టం దక్కలేదు.

ఏమీ దక్కనివాడు మంత్రి సోమదండుడొక్కడే. ఆవేళ పోతూ పోతూ అడిగి పుచ్చుకున్న దోసకాయ ఒకటుందనుకోండి. సూరమ్మ దాన్ని కొస కోసి చూడకుండానే ఇచ్చింది.