గాలికి తిరగని చిలుక

అనగనగా ఒక రాజు. ఆయన ఊరు పూలకొండ, పేరు చంద్రకేతు. రాణి పేరు సుమేధ. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, బలం ఎక్కువ. నడిపివాడు వీరకేతు, ధైర్యం ఎక్కువ. చిన్నవాడు మణికేతు, ఆలోచన ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ.

ఒక మాఘమాసపు పొద్దున కోట గుమ్మంలో ఒక బైరాగి నిలబడి భిక్ష అడిగాడు. రాణి చేటలో బియ్యం తెచ్చింది. బైరాగి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. అంతే, రాణి లేదు! ఆమె నిలబడిన చోట ఎర్రటి మట్టిపెంకు ఒకటి పడి ఉంది. బైరాగి దాన్ని జోలెలో వేసుకుని పకపకా నవ్వాడు.

"రాజా! ఏడు సముద్రాల అవతల, పోలెండు దేశంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాను. దానికి కప్పు వెయ్యడానికి మనుషుల్ని పెంకులు చేస్తున్నాను. తొలిమంచు కురిసేదాకా గడువు. మంచు పడిన పెంకు ఇక ఎప్పటికీ మనిషి కాదు. చేతనైతే వచ్చి తీసుకుపో!" అని గాలిలోకి లేచి మాయమైపోయాడు.

పెద్దవాడు గాలిగుర్రం ఎక్కాడు. వెళుతూ తమ్ముళ్ళకు జాజిమొగ్గ ఇచ్చి, "ఇది వాడిందంటే నేను ఆపదలో ఉన్నట్టు" అన్నాడు. మొగ్గ వాడింది. నడిపివాడు నీటిగుర్రం ఎక్కాడు. వాడూ ఒక మొగ్గ ఇచ్చాడు. ఆ మొగ్గా వాడింది. చిన్నవాడికి ఏ గుర్రమూ మిగల్లేదు. కాలినడకన ఊరు దాటి, ఒక వరిమడి గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

"ఏరా అల్లుడూ, యువరాజువి అయ్యుండి బురదలో కూర్చుని ఆ ఏడుపేమిటి?"

మణికేతు తల ఎత్తాడు. ఎదురుగా తెల్లటి పెద్ద కొంగ. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు.

"కొంగత్తని రా. నీ ఏడుపు తరవాత. ముందు నా కాలికి చుట్టుకున్న ఈ వల తియ్యి. మా వాళ్ళంతా బయల్దేరిపోతున్నారు."

మణికేతు కత్తితో వల కోశాడు. కోస్తూ తన కథంతా చెప్పాడు. కొంగత్త ముక్కు టకటకలాడించి నవ్వింది.

"పోలెండా! అది నా పుట్టిల్లురా. చలికాలం మీ మడుల్లో ఉంటాను, ఎండాకాలం మా ఊరి పొగగొట్టం మీద ఉంటాను. మీ అన్నలు చేసిన తప్పేమిటో తెలుసా? అక్కడ గుర్రాలు దిగి, నేల మీద నడిచి వెతికి ఉంటారు. అక్కడ ఊళ్ళల్లో ఏ వీధి పట్టుకున్నా నడిమి సంతచౌకుకే తీసుకుపోతుంది. ఆ మాంత్రికుడు మాటు వేసేది ఆ చౌకులోనే. వాడి ప్రాణం ఎక్కడుందో కనిపెట్టాలంటే పైనుంచి చూడాలి. ఎక్కు నా వీపు మీద!"

ఎగిరారు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకురసపు సముద్రం దాటారు, కల్లు సముద్రం మీద కొంగత్త కాస్త తూలింది కానీ అదీ దాటారు. నేతిది, పెరుగుది, పాలది, చివరికి మంచినీటి సముద్రం. ఏడూ దాటేసరికి కింద నేల పచ్చగా, మెత్తగా, నిద్రలో కనబడే నేలలా పరుచుకుని ఉంది. దాని మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు.

"అవేమిటత్తా?"

"ఊళ్ళురా. ఆ ఎరుపంతా పెంకుల కప్పులు. మామూలు మట్టి పెంకులే, భయపడకు."

మొదట జామోష్చ్ అనే ఊరి మీదికి వచ్చారు. పొలాల మధ్య ఎవరో తీరిగ్గా కూర్చుని నక్షత్రం ముగ్గు వేసి వెళ్ళినట్టుంది ఆ ఊరు. కోటగోడలు కొసలు కొసలుగా ముందుకు పొడుచుకొచ్చాయి. ముగ్గు మధ్యలో నలుచదరంగా చౌకు, దాని అంచున పొడుగాటి గడియారపు బురుజు. బురుజు నుంచి రెండు మెట్ల వరసలు, రండి రండి అని చేతులు చాచినట్టు, చౌకులోకి దిగుతున్నాయి.

కొంగత్త అక్కడి పావురాల్ని పలకరించింది. "మాంత్రికుడి ప్రాణం ఎక్కడమ్మా?"

"ఓ చిలుకలో. అంతవరకే తెలుసు. ఆ చిలుక ఎక్కడుందో ఉత్తరాన గ్దాన్స్క్ ఊరి సముద్రపు పిట్టల్ని అడుగు" అన్నాయి పావురాలు.

గ్దాన్స్క్ మీదికి వెళ్ళారు. అక్కడి ఇళ్ళు పెళ్ళి పంక్తిలో చుట్టాల్లా భుజాలు రాసుకుంటూ ఏటి ఒడ్డున వరస కట్టాయి. ఒకటి పసుపు, ఒకటి గులాబి, ఒకటి లేతాకుపచ్చ. ఇల్లు సన్నం, ఎత్తు తాటిచెట్టంత, నెత్తిన మెట్లుమెట్లుగా కిరీటం. వాటి మధ్య ఇటుకల గుడి ఒకటి, గొర్రెల మందలో పడుకున్న ఏనుగులా ఉంది.

"చిలుక క్రాకొవ్ ఊళ్ళో ఒక శిఖరం మీద ఇనుపబొమ్మలా నటిస్తూ ఉంది. నోరు తెరిచిందా, వాడు వచ్చి వాలతాడు" అన్నాయి సముద్రపు పిట్టలు.

క్రాకొవ్ చేరారు. కొంగత్త తన పాత గూట్లో గుడ్లు పెట్టింది, పొదిగింది, పిల్లలకు ఎగరడం నేర్పింది. తీరిక దొరికినప్పుడల్లా మణికేతుని ఎక్కించుకుని ఊరి మీద చక్కర్లు కొట్టింది. ఆ ఊరి మెడలో ఒక తోట ఆకుపచ్చ దండలా వేసి ఉంది. దండ లోపల ఎర్ర కప్పులు, ఎర్ర కప్పుల నడుమ మైదానమంత చౌకు, చౌకు మధ్యలో లంగరు వేసిన ఓడలాంటి పొడుగాటి అంగడి. ఒక మూల గుడికి రెండు బురుజులు, ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. చౌకు అంచున మాంత్రికుడి కొత్త ఇల్లు. ఏరు మలుపు తిరిగే చోట గుట్ట మీద రాజకోట. శిఖరాలకు వేసిన రాగిరేకులేమో వానలకు తడిసి తడిసి చిలుకపచ్చగా మారిపోయాయి. ఒక్కో శిఖరం కొసన గాలి ఎటు వీస్తుందో చూపే ఇనుపకోడి. అంత పచ్చదనంలో, అన్ని కోళ్ళ మధ్య, ఒక్క చిలుకను పోల్చుకోవడం ఎలా?

ఎత్తు బురుజు మీద బోగ్నా అనే అమ్మాయి ఉండేది. ఊరి కావలి కాసేవాడి కూతురు. నాలుగు దిక్కులకూ తిరిగి బాకా ఊదడం వాళ్ళ ఇంటి పని. తండ్రిని మాంత్రికుడు పెంకు చేశాక ఆ పని తనే చేస్తోంది. మణికేతు కిటికీలోంచి తొంగిచూసేసరికి బాకా ఎత్తి కొట్టబోయింది.

"ఆగు, కొట్టకు! మా అమ్మ కోసం వచ్చాను."

"కొంగనెక్కి వచ్చావా? మీ ఊళ్ళో గుర్రాలు లేవా?"

"ఉండేవి. వాటినెక్కి వెళ్ళిన అన్నలు పెంకులయ్యారు."

బోగ్నా నవ్వబోయి ఆగి, సగం రొట్టె విరిచి ఇచ్చింది. ఆ రోజు నుంచి ముగ్గురూ కలిసి వెతికారు. ఎండాకాలం పోయింది. మిగతా కొంగలన్నీ దక్షిణానికి వెళ్ళిపోయాయి. పిల్లలూ వెళ్ళిపోయాయి. కొంగత్త మాత్రం వణుకుతూ ఉండిపోయింది.

"అత్తా, నువ్వూ వెళ్ళిపో" అన్నాడు మణికేతు.

"నోర్ముయ్యరా. మేనల్లుణ్ణి సగం దారిలో దింపేసిందని కొంగలన్నీ నా మొహాన ఉమ్మవూ?"

ఒక సాయంత్రం ముగ్గురూ బురుజు మీద ఉండగా గాలి తిరిగింది. అన్ని రోజులూ పడమటి నుంచి వీచిన గాలి ఉత్తరం నుంచి చల్లగా కొట్టింది. ఊళ్ళోని ఇనుపకోళ్ళన్నీ కిర్రుకిర్రుమంటూ ఉత్తరానికి ముక్కు తిప్పాయి. ఒక్కటి తిరగలేదు. అది పడమటికే చూస్తోంది. అటువైపు, చౌకు అంచున, మాంత్రికుడి గుమ్మం ఉంది.

"అదే చిలుక! వాడి గుమ్మం మీంచి చూపు తిప్పదు" అన్నాడు మణికేతు. "చూపు తిప్పనిదానికి వెనక ఏముందో తెలియదు. అత్తా, వెనక నుంచి వెళదాం. పొద్దు పడమటికి వాలింది. మన నీడ మన వెనకే పడుతుంది, దాని కళ్ళ ముందు పడదు."

"ఉత్తరపు గాలి వచ్చిందంటే వెనకే మంచు వస్తుంది. త్వరగా వెళ్ళండి! రెక్కల చప్పుడు వినబడకుండా నేను బాకా ఊదుతాను" అంది బోగ్నా.

బాకా మోగింది. కొంగత్త రెక్కలు చాచి, కదపకుండా, కలలోంచి కలలోకి జారినట్టు కప్పుల మీదుగా జారింది. మణికేతు చెయ్యి చాచి చిలుకను పట్టేశాడు. చిలుక కెవ్వుమంది. కొంగత్త వెనక్కి తిరిగి బోగ్నా ఉన్న బురుజు మీద వాలింది.

మరుక్షణం మాంత్రికుడు బురుజు మీద ఉన్నాడు. మొహం మాత్రం తేనెలా ఉంది.

"నాయనా, తొందరపడకు. నన్ను చంపితే పెంకులు పెంకులుగానే ఉండిపోతాయి. నిదానంగా కూర్చుని మాట్లాడుకుందాం. మీ అమ్మ పెంకు ఏదో నేనే వెతికిస్తాను. కొంచెం టైము పడుతుంది, అంతే."

మణికేతు చిలుక మెడ మీద వేళ్ళు వేశాడు. చిలుక మెడ నొక్కితే అమ్మ దక్కకపోతే? నొక్కకపోతే?

"వాడు మాటలతో పొద్దుపుచ్చుతున్నాడు! మబ్బు చూడు!" అని అరిచింది బోగ్నా. ఉత్తరాన బూడిదరంగు మబ్బు ఏటి మలుపు దాకా వచ్చేసింది.

మణికేతు చిలుకను గుండెకు చేర్చుకుని మెల్లగా అడిగాడు. "చిట్టితల్లీ, మీ అయ్య ఒంటరిగా ఉన్నప్పుడు ఏమని గొణుక్కుంటాడే?"

"చెప్పకు!" అన్నాడు మాంత్రికుడు.

కానీ విన్న మాట అప్పజెప్పకుండా చిలుక ఉండగలదా? అచ్చం మాంత్రికుడి గొంతుతోనే చెప్పింది. "నా ప్రాణం దీని మెడలోని ఎర్రదారంలో ఉంది. అది తెగితే పెంకులన్నీ లేచిపోతాయి, నా ఇల్లు బోడిదైపోతుంది. అబ్బబ్బ, తొలిమంచు ఎప్పుడు పడుతుందో!"

కొంగత్త ముక్కుతో దారం పుటుక్కున తెంపింది. మాంత్రికుడు ఎర్రటి ఇటుకపొడిగా రాలి గాలిలో కలిసిపోయాడు.

చౌకు అంచున పెద్ద కప్పు అలలా కదిలింది. పెంకులు ఒక్కొక్కటే లేచి మనుషులయ్యాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, జారుతూ, ఏడుస్తూ, నవ్వుతూ దూలాల మీంచి దిగారు. జయకేతు దిగాడు, వీరకేతు దిగాడు, బోగ్నా తండ్రి దిగాడు. అందరికన్నా వెనక సుమేధాదేవి దిగింది. అప్పుడు తొలిమంచు కురిసింది. ఒట్టి దూలాల మీద.

మణికేతు, బోగ్నా పరుగున వచ్చారు. రాణి కొడుకు మొహం తడిమి చూసి, పక్కనే మంచులో వణుకుతున్న పిల్లను చూసింది. తన పైటచెంగు తీసి ఆ పిల్ల భుజాల మీద కప్పింది.

"ఎవరే నువ్వు, బంగారూ?"

బోగ్నా ఆ చెంగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

పెళ్ళి రెండుసార్లు జరిగింది, ఒకసారి క్రాకొవ్‌లో బాకాలతో, ఒకసారి పూలకొండలో సన్నాయితో. రెండుచోట్లా ఆడపడుచు లాంఛనాలు కొంగత్తే అడిగి మరీ పుచ్చుకుంది. మణికేతు, బోగ్నా చాలా ఏళ్ళు పూలకొండను ఏలారు. వాళ్ళ ఏలుబడిలో ఏ ఇంటి కప్పూ కారలేదు, ఏ గుమ్మంలోనూ భిక్ష లేదనలేదు. వాళ్ళు అక్కడ చల్లగా ఉన్నారు, మనం ఇక్కడ వెచ్చగా ఉన్నాం. ఇక కళ్ళు మూసుకోండి.