మలుపు రాయి మీద చోటు

అనగనగా ఒక అడవి ఉండేది. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే నాకు చెప్పబుద్ధి కాదు. ఆ అడవి మధ్యలోంచి కొండ ఎక్కుతూ ఒక ఘాట్ రోడ్డు పోయేది. మలుపు మీద మలుపు. బళ్ళు లోయలో పడిపోకుండా రోడ్డు అంచున పొడుగునా రాతిగోడ కట్టారు. మన కథలో కోతులన్నీ ఆ గోడ మీదే ఉండేవి.

ఊరికే ఉండేవా? అబ్బే! పొద్దస్తమానం ఆ రోడ్డున లారీలూ బస్సులూ పోయేవి. కొండ ఎక్కేవాళ్ళు అరటిపళ్ళు విసిరేవాళ్ళు. దిగేవాళ్ళు మరమరాలూ, బిస్కెట్లూ, సగం తిన్న పులిహోర పొట్లాలూ విసిరేవాళ్ళు. కోతులకి చెయ్యి చాపడం తప్ప ఇంకో పని లేదు. వాటి తాతలకి ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, ఏ తీగ కింద దుంప ఊరుతుందో నోటికి వచ్చు. వీటికి ఏ లారీ హారన్ ఎలా మోగుతుందో నోటికి వచ్చు. అంతే తేడా.

గోడ మీద ఒక్కో కుటుంబానికీ ఒక్కో చోటు ఉండేది. తాత చోటు తండ్రికి, తండ్రి చోటు బిడ్డకి. వాటికి ఒక కట్టుబాటు కూడా ఉండేది. పగలు చోటు ఖాళీగా వదిలితే అది పోయినట్టే. పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. ఇక మట్టి తవ్వుకుని తిన్నవాళ్ళకైతే గోడ మీద చోటే లేదు. అది పందుల తిండిట! పరువు తక్కువట!

అన్నిటికంటే మంచి చోటు పెద్ద మలుపు దగ్గర ఉండేది. అక్కడ గోడలో ఒక రాయికి ఎవరో పసుపు పూసి బొట్టు పెట్టారు. డ్రైవర్లు బండి ఆపి, ఆ మలుపు రాయికి కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప అక్కడే వదిలి పోయేవాళ్ళు. ఆ చోటు మోదుగయ్య అనే కోతిది. మోదుగచెట్టు కింద పుట్టాడు కాబట్టి మోదుగయ్య. వాడి పెళ్ళాం ఈతచెట్టు కింద పుట్టింది, ఈతమ్మ. వాళ్ళ కూతురు ఎవరో విసిరిన బన్ను తిన్న రోజున పుట్టింది. దాని పేరు బన్ను. నవ్వకండర్రా. ముందు ముందు నవ్వే కథ కాదిది.

ఒక ఎండాకాలం లారీలు తగ్గాయి. ముందు ఒకటీ అరా తగ్గాయి. తర్వాత పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అయ్యాయి. ఆ తర్వాత రోడ్డు మీద ఎండుటాకులు దొర్లడం తప్ప ఏమీ కనిపించలేదు.

ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది.

"ఇంకా ఇక్కడే కూర్చున్నారా? కొండకి అవతల కొత్త రోడ్డు పడింది. సూటిగా ఉంది, మలుపుల్లేవు. బళ్ళన్నీ అటే పోతున్నాయి" అంది కాకి.

కోతులన్నీ తమ పెద్ద వైపు చూశాయి. రాగిమూతి అనే మగకోతి అది. అది చెడ్డది కాదు పాపం. తను చెప్పేది తనే ముందు నమ్మే రకం.

"కాకి మాటలు వింటారా ఎవరైనా? సంతరోజుకి బళ్ళు వస్తాయి" అంది రాగిమూతి.

సంతరోజు వచ్చింది. ఒక్క బండీ రాలేదు.

"సంత కాదులే. జాతరకి తప్పకుండా వస్తాయి. జాతరకి రాకుండా ఎలా ఉంటాయి?" అంది.

జాతర వెళ్ళింది. దూరంగా డప్పులు మాత్రం వినిపించాయి.

"వాన పడనివ్వండి. వాన పడితే అందరూ కొండ చూడ్డానికి వస్తారు" అంది రాగిమూతి. కోతులన్నీ తలలూపాయి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. వీళ్ళకి కూర్చోవడమే మిగిలింది, తిండి లేదు. ముందు ముసలివి పోయాయి. వాటిని లోయలోకి జార్చి, వాటి చోట్లోకి పక్కవి జరిగి కూర్చున్నాయి. అయ్యో అనడానికైనా ఒక్కటీ గోడ దిగలేదు, దిగితే చోటు పోతుందని. తర్వాత చంటిపిల్లలు పోవడం మొదలైంది.

బన్ను ఇంకా పాలు మానలేదు. ఒకరోజు అది ఈతమ్మ రొమ్ము పట్టుకుని, చాలాసేపు లాగి, వదిలేసింది. ఏడవలేదు. ఊరికే తల్లి మొహంలోకి చూసింది.

"బన్ను నాన్నా, నాకు పాలు ఎండిపోయాయి. పద, దిగి అడవిలోకి పోదాం. ఏదో ఒకటి దొరక్కపోదు" అంది ఈతమ్మ.

"పిచ్చిదానా! మలుపు రాయి వదిలేసా? రాగిమూతి ఎన్నాళ్ళనుంచి దీనిమీద కన్నేసిందో నీకు తెలీదా?"

"రాయి కొరుక్కుతింటుందా నీ కూతురు?"

"ఇవాళ కాకపోతే రేపు బళ్ళు వస్తాయే. నేను పోయాక దీనికి ఏముంది? ఈ చోటేగా దానికి నేనిచ్చేది" అన్నాడు మోదుగయ్య. వాడికి కూతురంటే ప్రాణం. అదే వచ్చిన చిక్కు.

"రేపటికి అది ఉండాలి కదయ్యా" అంది ఈతమ్మ.

మోదుగయ్య రాయిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఈతమ్మ బన్నుని పొట్టకి హత్తుకుని గోడ దిగింది.

"దిగిందిరోయ్!" అని కోతులన్నీ అరిచాయి. రాగిమూతి లేచి నిలబడింది.

"ఈతమ్మకి ఇక గోడ లేదు. మోదుగయ్యా, నువ్వు కూర్చున్నావు కాబట్టి నీ చోటు నీదే. కానీ దాని చేతి మట్టితిండి తిన్నావంటే నీకూ లేదు" అంది.

అడవిలో దిగాక ఈతమ్మకి ఏమీ తెలియలేదు. పుట్టిన దగ్గర్నుంచీ గోడ మీద పెరిగింది, ఎలా తెలుస్తుంది? కనిపించిన తీగ కింద తవ్వింది. రాళ్ళు వచ్చాయి. ఇంకో తీగ కింద తవ్వింది. దుంప వచ్చింది గానీ, కొరికితే నాలుక, గొంతు మంటెత్తిపోయాయి. బన్నుకి ముందు పెట్టనందుకు తనకి తానే దణ్ణం పెట్టుకుంది. గోళ్ళు ఊడి వేళ్ళు నెత్తురోడుతుంటే మూడో తీగ దగ్గర కూలబడి ఏడ్చింది.

"ఏడుపుకి దుంప పైకి రాదమ్మా" అని ఒక గొంతు వినిపించింది.

పొదలోంచి ఒక ముసలి ముళ్ళపంది బయటికి వచ్చింది. పొద్దు వాలే వేళ అది మేతకి బయల్దేరుతుంది. గలగలమని ముళ్ళు దులుపుకుంది.

"అవ్వా, పిల్ల చచ్చిపోయేలా ఉంది. ఒక్క దుంప పెట్టవా?" అంది ఈతమ్మ.

"పెట్టను" అంది ముళ్ళపంది. "ఇవాళ నేను పెడతాను, రేపు గోడ వదిలేసి నా బొరియ ముందు కూర్చుంటావు. మీ జాతి సంగతి నాకు తెలీదా? ఎలా తవ్వాలో చూపిస్తాను, చూస్తావా?"

"చూస్తాను."

ముసలిది దురద దుంప తీగ ఏదో, తియ్య దుంప తీగ ఏదో ఆకు పట్టుకుని చూపించింది. రాతిపక్కన కాక పల్లంలో, మెత్తని నేలలో తవ్వించింది. చీకటి పడే ముందు ఈతమ్మ చేతికి పిడికెడంత దుంప దొరికింది. ఆత్రంగా మొత్తం నోట్లో పెట్టుకోబోయింది.

"ఆగు!" అని కసిరింది ముళ్ళపంది. "తీగ అంటుకున్న పైముక్క తుంచు, అదే కుదురు. దాన్ని మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పు. వాన పడితే మళ్ళీ ఊరుతుంది."

"వాన ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు అవ్వా?"

"నాకూ తెలీదు. అయినా పెడతాను. కుదురు తినేసినవాళ్ళకి వాన పడినా ఒకటే, పడకపోయినా ఒకటే" అని ముసలిది తన దారిన తాను పోయింది.

ఈతమ్మ దుంప నమిలి, గుజ్జు చేసి, బన్ను నోట్లో పెట్టింది. బన్ను మింగింది. మళ్ళీ నోరు తెరిచింది. ఆ తెరిచిన నోరు చూసి ఈతమ్మ ఏడుస్తూ నవ్వింది.

తర్వాత రోజులు సుఖంగా గడిచాయనుకునేరు. లేదు. నేల ఇనుమల్లే ఉండేది. కొన్ని రోజులు ఏమీ దొరికేది కాదు. ఒకరోజు పొద్దుటినుంచీ తవ్వితే బొటనవేలంత దుంప దొరికింది. తిన్నాక పైముక్క మిగిలింది.

"అమ్మా, అదీ పెట్టవే" అని ఏడ్చింది బన్ను.

ఈతమ్మ చెయ్యి గుంట మీద ఆగిపోయింది. వానా లేదు, మబ్బూ లేదు. ఇదంతా గాలిలో దీపం పెట్టడం కాదా? పిల్ల కళ్ళముందే ఏడుస్తోంది. దాని చేతిలో పెట్టేస్తే ఏం పోయింది? ఈతమ్మ పెట్టబోయింది కూడా. కానీ ఇవాళ కుదురు తినేస్తే రేపు బన్నుకి ఈ గుంటలో ఏమీ ఉండదు. అదొక్కటే గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని ముక్క గుంటలో పెట్టి మట్టి కప్పేసింది.

"ఇది నీదేనే తల్లీ. తర్వాత తింటావు" అంది. బన్ను ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

ఈతమ్మ మొగుణ్ణి మర్చిపోలేదు. దుంప దొరికినప్పుడల్లా అందులో వాటా తీసి గోడ కిందికి పట్టుకెళ్ళింది. మొదటిసారి మోదుగయ్య మొహం తిప్పుకున్నాడు. రెండోసారి దుంప అందుకుని, చుట్టూ కోతులన్నీ చూస్తున్నాయని, లోయలోకి విసిరేశాడు. అందరికీ వినపడేలా "నాకు బళ్ళు వస్తాయి" అన్నాడు. ఆ మాట అంటూ కూతురి వైపు చూసిన చూపులో ఏముందో మాత్రం ఈతమ్మకి తెలుసు.

మూడోసారి ఈతమ్మ వెళ్ళేసరికి గోడ మీద చాలా చోట్లు ఖాళీగా ఉన్నాయి. జరిగి కూర్చునే ఓపిక కూడా ఎవరికీ లేదు. మోదుగయ్య రాయి మీద బోర్లా పడుకుని దాన్ని రెండు చేతులతో కావలించుకున్నాడు. ఈతమ్మ దుంప నోటి దగ్గర పెట్టింది. ఈసారి నోరు తెరిచాడు. కానీ నమలడానికి దవడలో సత్తువ లేదు. ఈతమ్మ బన్నుకి చేసినట్టే నమిలి, గుజ్జు చేసి పెట్టింది.

"తియ్యగా ఉందే" అన్నాడు మోదుగయ్య. తర్వాత, "చోటు... బన్నుకి..." అన్నాడు. ఇంకేమీ అనలేదు. గుజ్జు నోట్లోనే ఉండిపోయింది.

ఈతమ్మ గుండె బాదుకుని ఏడ్చింది. ఏడుపు ఇంకా ఆగనే లేదు, పక్కన ఏదో కదిలింది. రాగిమూతి! పాకుతూ పాకుతూ వచ్చి, మోదుగయ్య చేతులు విడదీసి, మలుపు రాయి ఎక్కి కూర్చుంది.

"చోటు ఖాళీ అయింది కదా. కట్టుబాటు కట్టుబాటే" అంది రొప్పుతూ.

ఈతమ్మకి తిట్టాలని కూడా అనిపించలేదు.

"కూర్చో పెద్దయ్యా. నీకెవరూ అడ్డు రారులే" అని మిగతా కోతుల వైపు తిరిగింది. "నా దగ్గర మిమ్మల్ని పోషించేంత తిండి లేదు. తవ్వడం మాత్రం నేర్పిస్తాను. వచ్చేవాళ్ళు రండి."

కొన్ని దిగాయి. కొన్ని దిగలేకపోయాయి. కొన్ని దిగగలిగీ దిగలేదు. దింపుడుకళ్ళం ఆశ అంటారే, అది అంత తొందరగా వదలదు.

ఎట్టకేలకి వాన పడింది. ఉరుములతో, మెరుపులతో, ఆగకుండా పడింది. ఈతమ్మ కప్పెట్టిన గుంటలన్నిట్లో తీగలు మొలిచాయి. బొటనవేలంత దుంప దొరికిన ఆ గుంటలో కూడా మొలిచింది. దిగొచ్చిన కోతులు ఆ తీగల మీద చేతులు వేసి నిమిరాయి. పోయిన తమ పిల్లల్ని తలుచుకుని ఏడ్చాయి. తర్వాత అవి కూడా తవ్వుకున్న ప్రతి గుంటలో కుదురు తిరిగి పెట్టాయి.

అదే వానకి కొండ అవతల కొత్త రోడ్డు కొట్టుకుపోయింది. ఒక పొద్దున పాత రోడ్డు మీద హారన్ మోగింది. నిజంగానే లారీ! రాగిమూతి చెప్పినట్టే వాన పడ్డాక వచ్చింది. పెద్ద మలుపు దగ్గర ఆగింది. డ్రైవరు దిగి, రాయికి కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప అక్కడ వదిలాడు. అటూ ఇటూ చూశాడు.

"ఇక్కడ బోలెడు కోతులు ఉండాలే, ఏమైపోయాయో" అనుకుంటూ బండెక్కి పోయాడు.

రాయి మీద రాగిమూతి లేదు. గోడ పొడుగునా ఎవరూ లేరు.

హారన్ విని ఏమిటా అని గోడెక్కిన బన్ను ఆ చిప్ప పట్టుకుని తల్లి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కాస్త కొరికింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా, ఎంత బావుందో! ఇది ఏ తీగ కింద తవ్వితే వస్తుందే?"

"ఇది తవ్వితే రాదు తల్లీ. ఎవరైనా విసిరితేనే వస్తుంది."

"విసరకపోతే?"

ఈతమ్మ తలెత్తి మలుపు రాయి వైపు చూసింది. వానకి పసుపంతా కొట్టుకుపోయి, అది అన్ని రాళ్ళలాగే ఉంది.

"మీ నాన్న కూర్చున్న చోటు అదే" అంది. "దొరికింది కదా, తిను. తిన్నాక రా, పల్లంలో ఇంకా తవ్వాల్సింది ఉంది."

బన్ను కొబ్బరి తింది. తిన్నాక చేతులు దులుపుకుని, అమ్మ వెనకాలే పల్లంలోకి దిగింది.

నీతి: ఒకరు విసిరే ముద్ద మీద బతుకు పెట్టుకుంటే, ఆ చెయ్యి ఆగిన రోజున బతుకూ ఆగుతుంది. ఎదురుచూస్తూ కూర్చోవడం ఆశ కాదు. కడుపు కాలుతున్నా రేపటికోసం కుదురు తిరిగి మట్టిలో పెట్టడమే ఆశ.