రాజుగారు చెప్పిన గుమ్మడికాయ పాఠం

ఒకానొక రాజ్యంలో, పేరెందుకులెండి, గజకేతు మహారాజుగారు ఏలుతుండేవారు. మంచివారే. కాకపోతే తమకు రాని విద్య లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టే ధైర్యం సభలో ఎవరికీ లేక, అది ఏటికేడు బలిసింది.

ఒకనాడు వారు కోట పాఠశాల చూడబోయారు. లెక్కల పంతులు జ్వరమొచ్చి రాలేదు. పిల్లలు కాళ్లూపుకుంటూ కూర్చున్నారు. పక్క గదిలో వీణ సాంబయ్యగారు సంగీతం చెబుతున్నారు.

"ఏమయ్యా, పక్కనే పంతులుండగా వీళ్లకి పాఠం లేకపోవడమేమిటి?" అన్నారు రాజుగారు.

"మహాప్రభూ, నాకు సంగీతం తప్ప మరొకటి రాదు" అన్నారు సాంబయ్యగారు.

రాజుగారికి మండింది. "మేము యుద్ధం చేస్తాం, తీర్పు చెబుతాం, వేటాడతాం. అన్నీ ఒక్కరమే! మీకు మాత్రం మనిషికో పాఠమా? రేపటినుంచి ఎవరూ తమకు వచ్చిన పాఠం చెప్పకూడదు. రానిదే చెప్పాలి. చేతకాదన్నవాడు ఇంటికి పోవాలి!"

ఇక చూడాలి ఆ పాఠశాల వైభవం. కుస్తీలు నేర్పే ఉద్దండమల్లుడికి సంగీతం వచ్చిపడింది. ఆయన తాళం వేయమంటే తొడ చరిచాడు, పిల్లలూ చరిచారు. వీణ తీగలు ఆయన మొదటి పలకరింపుకే తెగాయి. వ్యాకరణ పండితుడు గుర్రపుస్వారీ నేర్పబోయి, గుర్రమెక్కగానే భయంతో కళ్లు మూసుకుని శ్లోకం అందుకున్నాడు. కళ్లు తెరిచేసరికి పొరుగూళ్లో అత్తారింటి ముందున్నాడు. అల్లుడు చెప్పాపెట్టకుండా వచ్చాడని అత్తగారు కంగారుపడి గారెలకి పప్పు నానబోసింది.

అందరిలోకీ పాపం సాంబయ్యగారి అవస్థే అవస్థ. కట్టెపుల్లలాంటి మనిషి. ఆయనకి కుస్తీ పడింది. "ముందు నెమ్మదిగా పట్టుకోండి నాయనా, తరువాత కాలం పెంచుదాం" అన్నారు పిల్లలతో. పిల్లలు ఆ వేగం పెంచే మాటే విన్నారు. ఆయన నడుం పట్టేసింది. పైగా పౌర్ణమినాడు రాజుగారి ఎదుట ఉద్దండమల్లుణ్ణి ఎత్తి పడేసి చూపాలని, లేకపోతే కొలువు పోతుందని కబురొచ్చింది.

మొరపెట్టుకుందామంటే ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. విన్నపం చేసుకునేవాడు తలమీద గుమ్మడికాయ పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా చెప్పాలి. కాయ పడితే విన్నపం చెల్లదు. పొడుగు విన్నపాలంటే తలనొప్పి అని రాజుగారి తాతగారు పెట్టిన ఆచారమది. సాంబయ్యగారు పట్టేసిన నడుంతో సభకెళ్లి "మహాప్ర..." అనేసరికే కాయ కాస్తా పగిలింది.

"చెల్లదు! తరువాతివాణ్ణి పిలవండి!" అన్నారు రాజుగారు.

సాంబయ్యగారు ఏడుస్తూ కోనప్ప ఇంటికి వెళ్లారు. కోనప్ప రాజుగారి సభలో మాటకారి.

"వీణ తప్ప నాకు వేరే లోకం లేదు కోనప్పా. ఇంట్లో మనవరాలు కూడా నన్ను కుస్తీ తాతా అంటోందయ్యా!"

"ఊరుకోండి బాబాయిగారూ. పౌర్ణమిదాకా ఎందుకు, రేపే చూద్దాం" అన్నాడు కోనప్ప.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, ఇది విన్నపం కాదు, కబురు మాత్రమే. ఒక పాఠానికి పంతులు దొరకడం లేదు. విన్నపం చేసుకునే పద్ధతి. ఈ పిల్లలు పెద్దవాళ్లయ్యాక తమరి దగ్గరికే కదా రావాలి! రానివాళ్లే చెప్పాలని తమరి ఉత్తర్వు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ విన్నపం చేసుకోనివారు ఈ రాజ్యంలో తమరొక్కరే."

"ఓస్, ఇంతేనా! మేమే చెబుతాం" అని రాజుగారు మీసం దువ్వారు.

పాఠశాల ముంగిట సభంతా చేరింది. "విన్నపం వినడానికి రాజొకడు కావాలి కదా ప్రభూ" అంటూ కోనప్ప పంతులుగారి కుర్చీలో కూర్చున్నాడు. కిరీటం మీద కాయ నిలవదని రాజుగారి కిరీటం తీసి పక్కన పెట్టించాడు.

రాజుగారు గుమ్మడికాయ తలమీద పెట్టుకుని ఠీవిగా ఒక్కడుగు వేశారు. కాయ దభేలున పడింది.

"చెల్లదు! తరువాతివాణ్ణి పిలవండి!" అన్నాడు కోనప్ప, అచ్చు రాజుగారి గొంతుతో.

పిల్లలు విరగబడి నవ్వారు. రాజుగారికి పౌరుషం వచ్చింది. ఇంకో కాయ తెప్పించారు. అదీ పగిలింది. మరోటి పెట్టుకుని ఈసారి మెడ బిగబట్టి, ఊపిరి బిగబట్టి, కళ్లు పైకి పెట్టి, చంటిపిల్లవాడిలా అడుగులో అడుగు వేస్తూ వచ్చి నిలబడ్డారు. చెమటలు కారుతున్నాయి.

"ఊఁ, ఏం కావాలోయ్?" అన్నాడు కోనప్ప కాలుమీద కాలు వేసుకుని.

ఏం అడగాలో రాజుగారు అనుకుని రాలేదు. కాయ అటూ ఇటూ ఊగుతోంది. "ప్రభూ... ఈ పాఠం నాకు చేతకాదు! నన్ను వదిలిపెట్టండి!" అనేశారు.

కాయ పడలేదు.

"విన్నపం చెల్లింది!" అన్నాడు కోనప్ప. "చేతకాని పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరి పాఠం వాళ్లే చెప్పుకోండి. ఈ ఉత్తర్వు పాఠశాలంతటికీ!"

అని, వెంటనే కుర్చీ దిగి నేలమీద సాగిలపడ్డాడు. సాంబయ్యగారు నడుం సంగతి మరిచిపోయి నిటారుగా నిలబడ్డారు.

రాజుగారు కోనప్పను చూశారు. సాంబయ్యగారిని చూశారు. ముందు మీసం కదిలింది, తరువాత పొట్ట కదిలింది. పకపకా నవ్వేశారు. ఆ నవ్వుకి కాయ జారి కోనప్ప పక్కనే పగిలింది.

"పడిందోయ్!" అన్నారు రాజుగారు.

"పడనివ్వండి ప్రభూ, ఉత్తర్వు ముందే అయిపోయింది" అన్నాడు కోనప్ప నేలమీద నుంచే.

రాజుగారు చేతి బంగారు కడియం తీసి అతనికి తొడిగారు. "ఇవాళ్టినుంచి ఈ పాఠశాలకి పెద్దవు నువ్వే!"

కోనప్ప అదిరిపడ్డాడు. "అయ్యో, అది నాకు చేతకాదు ప్రభూ!"

"ఆ ముక్క గుమ్మడికాయ పెట్టుకుని వచ్చి చెప్పు, వింటాం" అన్నారు రాజుగారు.

ఆ పూట కోటలో అందరికీ గుమ్మడికాయ దప్పళమే. సాంబయ్యగారు వీణకి కొత్త తీగలు కట్టి వాయిస్తుంటే, ఉద్దండమల్లుడు గుమ్మంలో నిలబడి, చప్పుడు కాకుండా తొడ చరుస్తూ విన్నాడు.