వాగు అవతలి చవక అడవి

అనగనగా ఒక వాగుకి ఇటొక అడవి, అటొక అడవి ఉండేవి. ఇవతలి అడవిలో గవ్వన్న అనే కుందేలు, అతని భార్య తుమ్మి, వాళ్ల ముగ్గురు పిల్లలు ఒక బొరియలో ఉండేవాళ్లు. పిల్లల పేర్లు రేల, కంకి, బుడ్డి.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పది దుంపలు తవ్వుకున్నా, మూడు అందరి కుప్పలో వెయ్యాలి. ఆ కుప్పలోంచి తిని, అడవిదున్నలు ఎండాకాలానికి ముందే ఎండుగడ్డి తొక్కేసి, మంట దాటకుండా వెడల్పాటి దారి చేసేవి. కొండముచ్చు చెట్టు చిటారున కూర్చుని, పొగ కనబడితే కేక వేసేది. ముసలి ఎలుగుబంటి జబ్బు పడ్డవాళ్లకి పసరు వైద్యం చేసేది.

ఆ మూడు దుంపలూ వేసినప్పుడల్లా గవ్వన్న ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు అవతలి అడవినుంచి ఒక గోరింక వచ్చింది. "మీకిక్కడ ఒక దుంపకి రెండు జామపళ్లేనా? మా వైపు ఐదిస్తారు. కుప్పా గిప్పా ఏమీ లేదు. ఎవరు తవ్వుకున్నది వాళ్లదే" అంది.

అది అబద్ధమాడలేదు పిల్లలూ. గవ్వన్నే ఇంకేమీ అడగలేదు.

"విన్నావా తుమ్మీ? పదికి పదీ మనకే!" అన్నాడు ఇంటికొచ్చి.

"మరి అక్కడ మంటొస్తే ఎవరు చూస్తారయ్యా?"

"నాలుగేళ్లనుంచి ఇక్కడ మంట వచ్చిందా? ఊరికే దున్నల్ని మేపుతున్నాం."

మంట ఎందుకు రాలేదో అతను ఆలోచించలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు దాటేశారు.

మొదటి నెల కడుపునిండా తిన్నారు. పిల్లలు బొద్దుగా తయారయ్యారు. రెండో నెలలో వాగు ఎండింది. ఉన్న ఒక్క ఊట దగ్గరా అడవిపంది అడ్డంగా పడుకుంది. "పూటకి రెండు దుంపలు పెడితేనే నీళ్లు" అంది. మూడో నెలలో కంకికి జ్వరం వచ్చింది. వైద్యం తెలిసిన ఉడుము, "ముందు ఆరు దుంపలు అక్కడ పెట్టు. తర్వాతే నాలుక చూస్తాను" అంది.

"ఇక్కడ మనకి మిగిలేదేముంది? వెనక్కి వెళ్లిపోదామయ్యా" అంది తుమ్మి.

గవ్వన్నకీ వెళ్లాలనే ఉంది. కానీ సిగ్గు అడ్డొచ్చింది. "ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? ఈ ఎండాకాలం గడవనీ" అన్నాడు.

ఎండాకాలం గడవలేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ దుంపలకి వెళ్లారు. పడమటి గాలికి మంట లేచింది. చెట్టు చిటారున ఎవరూ లేరు, కేక వెయ్యడానికి. తుమ్మి ముక్కుకి పొగ వాసన తగిలేసరికే బొరియ చుట్టూ గడ్డి అంటుకుంది.

గవ్వన్న అడవిపంది దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, నా పిల్లలు లోపలున్నారు! ఆ గడ్డి కాస్త తొక్కి దారి చెయ్యి!"

"నా పిల్లల్ని నేను చూసుకోవాలి. నీవాళ్లని నువ్వు చూసుకో" అని పంది తన దారిన పోయింది.

అతను తిరిగొచ్చేసరికి తుమ్మి బుడ్డిని బయటికి లాగింది. దాని కాళ్లు కాలిపోయాయి. "రేలా! కంకీ!" అని తుమ్మి బొరియలోకి అరిచింది. మళ్లీ అరిచింది. లోపలినుంచి పొగ వచ్చింది కానీ పిల్లలు రాలేదు.

బుడ్డిని నోట కరుచుకుని ఎండిన వాగు దాటారు. ఇవతల కొండముచ్చు అప్పటికే కేక వేసింది. దున్నలు బారుగా నిలబడి, ఎగిరొచ్చిన నిప్పుల్ని తొక్కుతున్నాయి. మంట ఇటు రాలేదు.

ఎలుగుబంటి బుడ్డి కాళ్లకి పసరు రాసి కట్టు కట్టింది. "కుంటుతుంది గానీ బతుకుతుంది" అంది.

"ఎన్ని దుంపలివ్వాలి తాతా? నా దగ్గర ఒక్కటీ లేదు" అన్నాడు గవ్వన్న తల దించుకుని.

"ఏమీ వద్దురా. మీరు లేకపోయినా మిగతావాళ్లు కుప్పలో వేస్తూనే ఉన్నారుగా." ఎలుగుబంటి వాళ్ల వెనక్కి చూసింది. "పెద్దపిల్లలిద్దరూ ఏరీ?"

గవ్వన్న బుడ్డిని దగ్గరికి లాక్కున్నాడు. తుమ్మి పొగలేస్తున్న అవతలి గట్టుకేసి చూస్తూ కూర్చుంది.

నీతి: రెండు చోట్లను పోల్చేటప్పుడు ఎక్కడ ఏది చవకో చూస్తే చాలదు. ఆపదలో మనకోసం ఎవరొస్తారో కూడా అడగాలి.